బాబాయి బండికి చలిజ్వరం

మా చిన్నప్పుడు... మా బాబాయి ఒంగోలు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కొచ్చాడు. అప్పటికి ఆయన కొత్త పెళ్ళికొడుకు. నేనేమో బడికి దణ్ణం పెట్టేసి ఊళ్ళో తిరుగుతున్నాను కాబట్టి, బండి కడిగే ఉద్యోగం నాకు దక్కింది.

చూడ్డానికి బండి తళతళా మెరిసేది. స్టార్ట్ చేస్తే మాత్రం చలిజ్వరమే... అద్దంలో వెనకొచ్చే లారీ ఒకటైతే రెండు కనపడేవి. వెనక కూర్చున్న పిన్ని గాజులు వాటంతటవే మోగేవి!

మొదటిసారి పిన్నిని ఎక్కించుకుని దర్శిలో అత్తారింటికి బయల్దేరాడు. సగం దారిలో పిన్ని దిగిపోయి బస్సెక్కేసింది. కొత్త అల్లుడు బండి మీద ఒక్కడే దిగాడు... కూతురు బస్టాండు నుంచి నడుచుకుంటూ వచ్చింది. వాళ్ళ వీధి వీధంతా నవ్విందట!

అందుకే శ్రావణంలో పిన్ని తమ్ముడి పెళ్ళి రాగానే బాబాయికి గుండెల్లో రాయి పడింది. పిన్ని ముందే చెప్పేసింది. "నేను బస్సులోనే వస్తానండీ. మీరు ఊగుకుంటా రండి."

మెకానిక్ ప్లగ్గు మార్చాడు, చెయిన్ బిగించాడు. లాభం లేదు. మా పెద్దనాన్న "వెనక బరువు లేకరా" అని యూరియా బస్తా కట్టించాడు. బస్తా కూడా వణికింది...

రేపు ప్రయాణం అనగా పెద్దనాన్న ఇంకో ఉపాయం చెప్పాడు. బండి స్టాండేసి, ఇంజను ఆన్ చేసి, తలో పార్టూ పట్టుకోవాలి. "ఎవుడు పట్టుకుంటే మోత ఆగుద్దో, రోగం ఆడ ఉన్నట్టు!"

బాబాయి హ్యాండిలు, పెద్దనాన్న ట్యాంకు, నేను ముందు గార్డు. ఎదురింటి మామయ్య కూడా వచ్చాడు.

"మామయ్యా, నువ్వు సైలెన్సర్ పట్టుకో" అన్నాను నేను.

"నీ పీక పట్టుకుంటా రా ఎదవా!"

ఇంజను బాగా వేడెక్కింది. ముందు నేను తుమ్మాను. తర్వాత పెద్దనాన్న. తర్వాత వరసపెట్టి అందరం... మిరపకాయల ఊళ్ళో తుమ్మితే ఎవరు పట్టించుకుంటారు? ముక్కులు తుడుచుకుని మళ్ళీ బండి పట్టుకున్నాం.

గుమ్మంలో నిలబడ్డ పిన్ని మాత్రం అంది... "ఏవండీ, ఈ వానల్లో కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలేవి? మరెందుకు తుమ్ముతున్నారందరూ? ఆ రోజు దర్శి దారిలో నాకూ ఇట్టాగే అయింది!"

అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. నేను వంగి ఇంజను వాసన చూశాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. "బాబాయ్, ఇక్కడే!"

బండి చల్లారాక విప్పి చూస్తే... ఇంజన్ని ఫ్రేముకి పట్టి ఉంచే పెద్ద బోల్టు లేదు! పాత ఓనరు మాలాంటి మిరప రైతేనన్నమాట. విత్తనాలేసే గొర్రు బోల్టు ఒకటి తీసి దూర్చాడు. అది సన్నం. వదులు తెలియకుండా మిరపకాయల బస్తా గోనెముక్క చుట్టి కుక్కాడు, గింజలతో సహా! ఇంజను వేడెక్కినప్పుడల్లా లోపల తాలింపే...

"మనోడేరా! నేనైనా అదే చేసేవాణ్ణి" అని పెద్దనాన్న తెగ మురిసిపోయాడు.

సాయంత్రానికి సరైన బోల్టు పడింది. తెల్లారి బండి స్టార్ట్ చేస్తే పిల్లిలా ఉంది. పిన్ని చీరాల చీర సర్దుకుని, దేవుణ్ణి తలుచుకుని ఎక్కి కూర్చుంది. అంతే... బండి మళ్ళీ గడగడా వణికింది!

"అమ్మో! నేను దిగిపోతా!"

బాబాయి మొహం పాలిపోయింది. గబుక్కున ఇంజను ఆపేశాడు. ఆపినా బండి వణుకుతూనే ఉంది...

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. క్యారియర్ పట్టుకుని నేను!

బాబాయి చెప్పు తీసేలోపు నేను పత్తిచేలో ఉన్నాను. పిన్ని మాత్రం బండి దిగలేదు... దర్శి దాకా నవ్వుతూనే వెళ్ళిందట. వాళ్ళ వీధిలో బాబాయి హారన్ కొట్టుకుంటూ అటూ ఇటూ తిరిగాడట, ఒక్కళ్ళు కూడా చూడకుండా పోకూడదని!

ఇప్పుడు బాబాయికి కారుంది. స్టార్టయిందో లేదో కూడా తెలియదు. చిన్న చప్పుడొస్తే షోరూములో ఇచ్చేసి, ఫోనొచ్చేదాకా ఇంట్లో కూర్చుంటాడు. తలో పార్టూ పట్టుకోవడానికి వీధిలోకి ఎవరూ రారు... వెనక నుంచి ఊపుదామంటే దానికి క్యారియరన్నా లేదు.

మీ ఇంట్లో వణికిన బండి ఏది? ఎవరెవరు ఏ పార్టు పట్టుకున్నారు? చెప్పండి... సైలెన్సర్ పట్టుకున్నవాళ్ళు ముందు చెప్పండి!