బత్తాయి తొక్క వేసిన బీరు

పోయిన ఎండాకాలం మా ఆయన ఇంట్లోనే బీరు చేసుకునే కిట్టు తెప్పించుకున్నారు. డబ్బా విప్పకముందే గుండెపోటుతో పోయారు. నెల కిందట నేనే విప్పి, అందులోని కాగితంలో ఉన్నట్టే చేశాను. ఒక్కటే మార్పు: ఆయన ముచ్చటపడ్డట్టు మన నల్లగొండ బత్తాయి తొక్క వేశాను.

ఈ సాయంత్రం మొదటి సీసా మూత తీసి, మా మరిదికి పోశాను.

"జర చేదున్నది వదినా. అన్న ఉంటే ఏమనేటోడో?"

"ఏమంటడు? తొక్క లోపటి తెల్లపొర తియ్యకుండ ఏసినవని లొల్లి పెడుతుండె."

ఇద్దరం నవ్వాం. తర్వాత అతను కళ్లు తుడుచుకున్నాడు.

ఎన్నడూ తాగని నేను ఒక గుక్క తాగాను. ఆ లొల్లి ఒక్కసారి వినాలనిపించింది. ఇంకా పదకొండు సీసాలున్నాయి. చేదు తగ్గే ఉపాయం తెలిస్తే చెప్పండి. చెప్పేవారుంటే మిమ్మల్ని అడిగేదాన్ని కాదు.