నైరుతి మూలలో రోలు, లారీ కింద కమాన్ పట్టీలు

మా చిన్నప్పుడు... మా ఇల్లు లారీ వెనక నడిచేది. నాయన రోడ్లు వేసే గుత్తేదారు దగ్గర లారీ డ్రైవరు. వనపర్తి నుంచి పెబ్బేరు దాకా ఎక్కడ మొరం పోస్తుంటే అక్కడే మా మకాం. చెక్క గోడలు, పైన రేకు, కింద రెండు చక్రాలు... కొక్కేనికి తగిలించి లాక్కుపోయేవాడు. మేము దాన్ని 'పెట్టె' అనేవాళ్లం.

పెట్టె అయితేనేం, మా నాయనమ్మకు వాస్తు తప్పకూడదు! ఎక్కడ ఆగినా వాకిలి తూర్పుకు తిప్పి నిలపాల్సిందే. బరువులన్నీ నైరుతి మూలలోనే ఉండాలి. వాకిలి పెట్టెకు వెనక వైపు కాబట్టి, ఆ మూల సరిగ్గా లారీ కొక్కెం దగ్గరికి వచ్చేది. రోలు, తిరగలి, జొన్నల మూటలు... అన్నీ అక్కడే. ఆ బరువుకు లారీ వెనక కుంగేది, ముందు చక్రాలు తేలిపోయేవి. నాయన ఒక వైపు తిప్పితే లారీ ఇంకో వైపు పోయేది.

ఆ ఏడు అమ్మకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు నాగర్‌కర్నూలులో అమ్మమ్మ ఇంటికి చేర్చాలి. అంతకు ముందటేడు ఇలాగే వెళుతుంటే గతుకుల్లో నొప్పులొచ్చాయి... దారిలో పుట్టిన మగపిల్లవాడు దక్కలేదు. ఈసారి కుదుపు లేకుండా పోవాలి. ఇంట్లో అందరికీ అదే భయం, పైకి మాత్రం ఎవరూ అనేవాళ్లు కాదు.

అమ్మను, నాయనమ్మను మకాంలో కూలీల గుడిసెలో ఉంచి, నాయన నన్ను తీసుకుని పెబ్బేరు కమ్మరి దగ్గరికి బయలుదేరాడు. చక్రాల మీద బరువు మోస్తూ కుదుపు ఆపే లారీ కమాన్లలో ఇంకో రెండు ఇనుప పట్టీలు కలపాలా, పాత బస్సువి మందపు పట్టీలు తెచ్చి మొత్తం మార్చాలా అని గంటసేపు తర్జనభర్జన. కమ్మరి కిందకు దూరి చూశాడు, తరువాత పెట్టెలోకి తొంగి చూసి నవ్వాడు.

"పట్టీలెందుకు డ్రైవర్ సాబ్? గా మూలకున్న రోలును నడుమకు, చక్రాల మీదికి జరుపు. ఉన్న కమాన్లే చాలు."

"మా అమ్మకు ఎవరు చెప్తరు? నువ్వు పట్టీలే వెయ్" అన్నాడు నాయన.

ఆరడుగుల మనిషి... తల్లికి ఒక్క మాట చెప్పలేక ఇనుమును నమ్ముకున్నాడు!

పట్టీలు పడ్డాయి. లారీ వెనక భాగం లేచింది. తిరుగు దారిలో నన్ను నీళ్ల కుండతో పెట్టెలో కూర్చోబెట్టి, ఎంత తొణుకుతాయో చూడమన్నాడు. కొత్త పట్టీలతో గట్టిపడ్డ లారీ ప్రతి గుంతకూ ఎగిరింది, దానితో పాటు పెట్టె, నేను, కుండ. మకాం చేరేసరికి కుండలో చుక్క లేదు, నా లంగా పిండితే చెంబెడు నీళ్లు వచ్చాయి.

"ఏందే, గిట్ల తడిసినవ్?" అంది నాయనమ్మ.

నేను కుండ చూపించాను. కమ్మరి చెప్పిందీ చెప్పేశాను. నాయనమ్మ కాసేపు కుండను, అమ్మ పొట్టను చూసింది.

"పోయినేడు పోయిన పిల్లగాడు చాలు. నైరుతి ఎటన్న పోనీ... రోలు జరుపుండ్రి."

అని తనే ముందుగా చేయి వేసింది. జరుపుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

మర్నాడు పెబ్బేరులో కొత్త పట్టీలు తీయించి, ఆ మరునాడు పొద్దున్నే బయలుదేరాం. నాయన నడక వేగంతో తోలాడు. అమ్మ చాప మీద ఒత్తిగిలి పడుకుని సగం దారి నిద్రపోయింది. అమ్మమ్మ ఇల్లు చేరిన నాలుగో రోజు తమ్ముడు పుట్టాడు, ఊరంతా వినపడేలా ఏడ్చాడు.

ఇప్పుడా దారి నున్నటి తారు రోడ్డు. కారులో కూర్చుంటే గుంతలు ఎక్కడుండేవో కూడా తెలియదు. మా అమ్మ మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ దారిన పోతే ఒక చోట కళ్లు మూసుకునేది... అది తమ్ముడికి ముందు పుట్టినవాడిని పోగొట్టుకున్న చోటని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

మీరు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ ఏ బండిలో, ఏ దారిన వెళ్లిందో ఎప్పుడైనా అడిగారా? అమ్మ ఉన్నవాళ్లు ఇవాళే అడిగి ఇక్కడ రాయండి... నేను అడగకుండానే ఉండిపోయినవి చాలా ఉన్నాయి.