గూడబాతుకు రెండో సాక్షి

ఆకాశంలో గీత గీయకుండానే కొంగలకు దారి చూపించే దేవునికి స్తోత్రం. ఉత్తరాన చలి మొదలు కాగానే ఎక్కడెక్కడి పక్షులనో మన తిరువళ్ళూరు చెరువుల దాకా నడిపించి, వాటిని చూడడానికి మాలాంటివాళ్ళకు ఒక సెలవు దినాన్నీ, నడిచే కాళ్ళనూ ఇచ్చిన ప్రభువు నామానికి మహిమ కలుగును గాక. ఈ ప్రయాణంలో నవ్వు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి కూడా ఆయన అనుగ్రహమేనని నా నమ్మకం.

మా తెలుగు సంఘంలో పక్షులను చూసే పిచ్చి ఉన్నవాళ్ళం ఏడెనిమిది మందిమి. ఆదివారం ఆరాధన ముగిశాక సైకిళ్ళు నిలిపే చోట చేరి, ఆ వారం ఎవరికి ఏమి కనబడిందో చెప్పుకుంటాం. ఒకరు పూండి ఆనకట్ట దగ్గర పరజ బాతులను చూసి ఉంటారు, ఇంకొకరు ఆసుపత్రి గోడ మీద పాలపిట్టను చూసి ఉంటారు. ఈ గుంపుకు పెద్ద యోహానయ్యగారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, సంఘంలోనూ పెద్దే. మా అందరిలో దుర్భిణి ఉన్నది ఆయన ఒక్కరికే. కాబట్టి నియమం పెట్టినదీ ఆయనే. బైబిలు వాక్యంలో చెప్పినట్టు ఇద్దరు సాక్షులు ఉంటేనే ఆ పక్షి కనబడినట్టు. ఒక్కరే చూస్తే చెల్లదు.

ఆ నియమం కింద నలిగినవాణ్ణి నేను. పోయిన ఏడాది ఇదే కాలంలో, తిరుత్తణి దాటాక, రైలు కిటికీలోంచి ఒక చెరువు మీద గూడబాతును చూశాను. చేటంత రెక్కలు, మూరెడు ముక్కు, ముక్కు కింద సంచి. ఇంకొకటని పొరబడే పక్షి కాదు. పైగా వాక్యంలో పేరున్న పక్షి. మా పక్క అరవంలో దీన్ని కూళైక్కడా అంటారు. ఆదివారం నేను ఆ సంగతి చెప్పగానే యోహానయ్యగారు, "పక్కన ఎవురుండారప్పా?" అని అడిగారు. పక్కన ఒక ముసలమ్మ ఉంది గానీ నిద్రపోతూ ఉంది. "అయితే కొంగను చూసుంటావులే" అన్నారు.

అంతటితో పోయి ఉంటే బాగుండేది. కానీ నేను ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. అబద్ధమాడరాదనే పాఠం మొదలు పెడితే చాలు, ఏడాదిగా వెనక వరుసలో ఎవరో ఒకరు ముక్కు ముందర చెయ్యి చాచి గూడబాతు ముక్కు చేసి చూపిస్తున్నారు. పెద్దవాళ్ళు చెయ్యి చాచరు గానీ వాళ్ళ మొహాల్లో కూడా ఆ ముక్కే కనబడుతుంది. చెప్పిన మాట నిజమని నిలబెట్టుకోలేని మనిషి ఏ మొహంతో పిల్లలకు సత్యం బోధిస్తాడు?

అందుకే ఈ నవంబరులో, తుపాను వెలిసిన వారం రెండో శనివారం చూసుకొని, యోహానయ్యగారినే ఆ చెరువుకు తీసుకుపోవాలని నిశ్చయించుకున్నాను. ఆయన కండ్లతో చూస్తే ఇక మాట ఉండదు. మూడో మనిషి శాంతక్క. ఆసుపత్రిలో ఆయా. పక్షుల కంటే పక్షులను చూసేవాళ్ళను చూడడం ఆమెకు ఇష్టం. అన్నం మూట కట్టుకొచ్చేదీ ఆమే.

ఉదయం ఆరున్నరకు తిరువళ్ళూరులో కరెంటు బండి ఎక్కాం. మీలో ఎవరైనా వెళ్ళదలిస్తే అరక్కోణం దాకా ఈ బండిలో పోయి, అక్కడ దిగి రేణిగుంట వైపు ప్యాసింజరు పట్టుకోవాలి. మధ్యలో ఇడ్లీ, కాఫీకి కావలసినంత సమయం ఉంటుంది. ఇడ్లీ బాగుంటుంది, కాఫీ వేడిగా ఉంటుంది. ప్యాసింజరుకు ఇంకా బొగ్గు ఇంజనే, కాబట్టి తెల్లబట్టలు వద్దు. యోహానయ్యగారు తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకొని వచ్చి, గార్డుగా అలవాటైన మనిషి కదా, ప్రతి మలుపులోనూ కిటికీలోంచి తల బయట పెట్టి చూశారు. తిరుత్తణి వచ్చేసరికి ఆయన ముక్కు కింద చక్కటి బొగ్గు మీసం మొలిచింది. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పే ఉద్దేశం శాంతక్కకు లేదు.

అంతకు ముందు అరక్కోణంలో ఆయన నీళ్ళ కోసం దిగినప్పుడు శాంతక్క నాతో మెల్లగా అన్నది: "పోయిన ఆదివారం ప్రార్థనలో నేను కండ్లు తెరిచినానని అందరి ముందర చెప్పినాడు తమ్ముడా. ఆయప్ప కండ్లు మూసుకోనుంటే నా కండ్లు ఎట్ల కనపడినాయో, ఒక్కరన్నా అడిగినారా?"

నేను ఆయన చెంబు అందుకోవడానికి కిటికీ వైపు జరిగాను. ఆ రోజు నాకు ఆయన దయ కావాలి.

ప్యాసింజరులో మా ఎదుట కావడి భుజాన పెట్టుకొని ఒక రైతు కూర్చున్నాడు. ఆరణి దగ్గర పల్లెటూరట, తిరుత్తణి కొండకు తలవెంట్రుకలు ఇవ్వడానికి పోతున్నాడు. మెడలో దుర్భిణి చూసి యోహానయ్యగారిని అడిగాడు.

"యాడికి సామీ, ఆ గ్లాసు ఏసుకోని?"

"పక్షుల్ని చూడను."

"పక్షులంటే కొండ మింద నెమిళ్ళు ఉండాయి గదా. దానికి గ్లాసెందుకు, బొరుగులు చల్లితే కాళ్ళ దగ్గరికే వస్తాయి."

"నెమిలి కాదప్పా, గూడబాతు."

"అదేమి చేస్తాది?"

"ఏమీ చెయ్యదు. చేపల్ని తింటాది."

రైతు కావడిని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "చేపలు తినేదాన్ని చూడను బండి మారి బండెక్కి పోతా ఉండారా? ఏమన్నా మొక్కుబడా సామీ?"

"మొక్కుబడి మాదిరే అన్నా" అన్నది శాంతక్క, నా వైపు చూస్తూ.

తిరుత్తణిలో దిగి, కొండకు పోయే జనాన్ని విడిచి, జట్కా మాట్లాడుకున్నాం. చెరువు దగ్గర దింపమంటే జట్కావాడు రెండుసార్లు అడిగాడు, కొండకే కదా అని. వానకు చెరువు నిండి ఉంది. కట్ట మీద బంకమన్ను చెప్పులను పట్టుకొని విడవదు. వెళ్ళేవాళ్ళు పాత చెప్పులు తొడుక్కోండి, గొడుగు మరిచిపోకండి. తెచ్చుకున్న గొడుగును మేము కట్ట దిగడానికి ఊతకర్రగా వాడుకున్నాం.

పక్షులకు లోటు లేదు. తుమ్మ కొమ్మల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తామరాకుల మీద పిల్లకోళ్ళ మాదిరి ఏవో పరుగులు తీస్తున్నాయి. పరజల గుంపు ఒకటి లేచి, చుట్టి వచ్చి, లేచిన చోటే దిగింది. ఒక్కొక్కదాన్నీ యోహానయ్యగారు దుర్భిణిలో చూసి, దుర్భిణి నాకిచ్చి, నేను చూశాక "ఇద్దరం చూసినాం, చెల్లుతుంది" అంటూ వచ్చారు. గూడబాతు మాత్రం లేదు. పదకొండు దాటింది. ఆయన చెరువు మొత్తం ఒకసారి కలియజూసి, "ఏమప్పా ప్రకాశం, నీ పక్షి ఈ దినం సెలవు పెట్టిందా?" అన్నారు. బొగ్గు మీసం కింద ఆయన నవ్వు నాకు ఇంకా పెద్దదిగా కనబడింది.

పన్నెండుకు శాంతక్క కట్ట మీద దుప్పటి పరిచి మూట విప్పింది. చింతపండు చిత్రాన్నం, శెనిగ్గింజల పచ్చడి, ఉడకబెట్టిన కోడిగుడ్లు. పక్షులను చూడడానికి వచ్చి గుడ్లు తినడమేమిటని నేనంటే, "ఇవి కోడి పెట్టినవేనని ఇద్దరు సాక్షులుండారు, తిను" అన్నది. యోహానయ్యగారు లేచి నిలబడ్డారు. మేము తలలు వంచి కండ్లు మూసుకున్నాం.

ఆయన ప్రార్థన గురించి చెప్పాలి. మంచి ప్రార్థనే. అయితే ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది. సృష్టిలో బయలుదేరి, జలప్రళయం దగ్గర నీళ్ళు పట్టుకొని, మన దేశపు అధికారులు, మన సంఘపు బిడ్డలు, రైల్వే కార్మికులు, విధవరాండ్రు, రోగులు అందరినీ ఎక్కించుకొని అన్నం దగ్గరికి వస్తుంది. అన్నం ఎంత దూరంలో ఉందో మాకు స్టేషన్లను బట్టి తెలుస్తుంది. బండి రోగుల దగ్గరికి వచ్చింది. అప్పుడు నా రెప్పల మీద ఎండ ఒక్కసారిగా ఆరి, మళ్ళీ వెలిగింది. ఏదో పెద్దది తల మీదుగా పోయింది.

కండ్లు తెరిచాను. తెరిచానని రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, తెరిచాను.

గూడబాతు. రెక్క ఆడించకుండా, మేము కూర్చున్న కట్టకు తాటిచెట్టంత ఎత్తులో, బూడిద కలిసిన తెలుపుతో జారిపోతూ ఉంది. రెండు కాళ్ళూ ముందుకు చాపి నీటిని కోసుకుంటూ దిగింది. దిగి, మెడ వెనక్కి వంచుకొని, ముక్కును రొమ్ము మీద పెట్టుకొని కూర్చుంది. సంచి కూడా కనబడింది. ప్రభువా, ఇప్పుడు ఈయన కండ్లెట్లా తెరిపించడం అని యోహానయ్యగారి వైపు తిరిగాను.

ఆయన దుర్భిణిని కండ్లకు ఆనించుకొని ఉన్నారు.

"రోగులను జ్ఞాపకము చేసుకొనుము తండ్రీ" అంటున్నారు. దుర్భిణి మెల్లగా పక్షి వెంట జరుగుతూ ఉంది. "జ్వరము గలవారిని... కీళ్ళ నొప్పులు గలవారిని..." మామూలుగా రోగుల దగ్గర ఆయన ఇంతసేపు ఆగరు. ఆమెన్ అంటే శాంతక్క కండ్లు తెరుస్తుంది కదా. కామెర్లు వచ్చాయి, కోరింత దగ్గు వచ్చింది, పంటినొప్పి కూడా వచ్చింది. అంత భక్తితో రోగుల కోసం ఎవరూ ప్రార్థించగా నేను వినలేదు.

"ఆమెన్" అన్నది శాంతక్క గట్టిగా. చిత్రాన్నం ముందర పెట్టుకొని పంటినొప్పి దాకా ఓర్చుకున్న మనిషి.

ఆ కేకకు పక్షి లేచింది. రెండు రెక్కలు కొట్టి, శాంతక్క చూపు అన్నం మీద నుంచి లేచేలోపే తుమ్మల అవతలికి పోయింది. యోహానయ్యగారు దుర్భిణి దించారు. దించి నన్ను చూశారు. నేను ఆయనను చూస్తున్నాను. ఇద్దరం ఒకేసారి కండ్లు మూసుకున్నాం. అప్పటికి ప్రార్థన అయిపోయింది కూడా.

అన్నం తిన్నాం. నా బాధ మీరు అర్థం చేసుకోవాలి. ఏడాదిగా నేను వెతికిన రెండో సాక్షి నా ఎదుటే కోడిగుడ్డు ఒలుచుకుంటున్నారు. కానీ ఎప్పుడు చూశావంటే ఏమి చెప్పను? ఆదివారపు బడి చెప్పేవాడూ సంఘపు పెద్దా ప్రార్థనలో కండ్లు తెరిచి చెరువు చూస్తూ కూర్చున్నారని చెప్పనా? ఆయన నోరు విప్పితే గానీ నేను విప్పలేను. మూడు గంటల దాకా తుమ్మల వెనక వెతికాం. గూడబాతు మళ్ళీ రాలేదు. శాంతక్క రెండుసార్లు, "ఏమి, ఇద్దరూ మొహాలు అట్ల పెట్టుకోనుండారు? ఉప్పు ఎక్కువైందా?" అని అడిగింది.

తిరుగు బండి అయిదు దాటాక వచ్చింది. ఎదుట సీటులో నున్నటి గుండు, గుండు మీద చందనం పూసుకొన్న మనిషి కూర్చొని నవ్వుతున్నాడు. కావడి చూశాక గానీ పొద్దుటి ఆరణి రైతని గుర్తు పట్టలేదు. ప్రసాదం పొట్లం పక్కన పెట్టుకొని, యోహానయ్యగారిని నేరుగా అడిగాడు.

"నా మొక్కు తీరింది సామీ. మీ చేపల పక్షి కనపడిందా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. బండి ఒక గేటు దాటింది. ఆయన లేదంటే నా పని ముగిసినట్టే. వచ్చే ఆదివారం నుంచి పిల్లలు రెండు చేతులతో ముక్కు చేస్తారు. నేను మనసులో ప్రార్థించాను. కండ్లు తెరుచుకొనే ప్రార్థించాను.

"కనపడింది" అన్నారు యోహానయ్యగారు.

శాంతక్క తల తిప్పింది. "ఎప్పుడు?"

"అన్నానికి ముందర."

"అన్నానికి ముందర ప్రార్థన గదయ్యా చేస్తా ఉంటిమి."

"అవునమ్మా" అన్నారు ఆయన. తప్పు చేసిన పిల్లవాడు బెంచీ ఎక్కి నిలబడి చెప్పినట్టుంది ఆ గొంతు.

ఇక నేను ఊరుకోకూడదు. "నేనూ చూసినానక్కా" అన్నాను.

శాంతక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే ఆ కట్ట మింద కండ్లు మూసుకోని ప్రార్థన చేసింది నేనొక్కదాన్నేనా?"

రైతు పడి పడి నవ్వాడు. ప్రసాదం పొట్లం విప్పబోయి, "ఇది మీరు తింటారో లేదో. నాకు తెలిసి నిజమైన భక్తి ఆయమ్మదే" అని ఇంటినుంచి తెచ్చుకొన్న అరటిపండు వేరుగా తీసి ఆమెకే ఇచ్చాడు. ఆమె తీసుకొని, మాకు పెట్టకుండా తిన్నది.

నవ్వులు తగ్గాక యోహానయ్యగారు నా మోకాలి మీద చెయ్యి వేశారు. "ఇద్దరు సాక్షులప్పా. చెల్లుతుంది. ఆదివారం నేనే చెప్తాను, ఎట్ల చూసినామో అది కూడా చెప్తాను." తర్వాత మెల్లగా అన్నారు: "పోయినేడాది నువ్వు చెప్పినప్పుడే నేను నమ్మినాను. గార్డు పెట్టెలో కూచోని ఈ లైను మింద ఎన్నేండ్లు వెతికినానో దేవునికే తెలుసు. ఆ పక్షి మింద ప్రసంగాలు గూడా చేసినాను. ఒక్కతూరి గూడా కనపడలేదు. నువ్వు ఊరికే కిటికీలో చూసి వచ్చి చెప్పినావు. నేను ఓర్వలేకపోయినాను."

"మీ దుర్భిణిలో ఇంకా బాగా కనపడి ఉంటుంది అయ్యా" అన్నాను.

"సంచి మింద చుక్కలు కూడా" అన్నారు. ఆ మొహం చూసి శాంతక్క మనసు కరిగింది కాబోలు, అన్నం మూట గుడ్డ తడిపి ఆయనకు అందించి, "ఆ మీసం తుడుచుకోండయ్యా, పొద్దుటినుంచీ ఉండాది" అన్నది.

అరక్కోణంలో బండి మారి, ఎనిమిదింటికి తిరువళ్ళూరులో దిగాం. ఒళ్ళంతా బొగ్గు, కాళ్ళంతా బురద, కడుపులో చింతపండు అన్నం, మనసు మాత్రం తేలిక. ఆదివారం ఆయన చెప్పిన మాట నిలబెట్టుకున్నారు. పిల్లలు చెయ్యి చాచడం మానలేదు గానీ, ఇప్పుడు ఒక చెయ్యి ముక్కుకు, రెండో చెయ్యి దుర్భిణికి వాడుతున్నారు. దానికి నాకు అభ్యంతరం లేదు.

మా ముగ్గురిలో కండ్లు మూసుకొన్న ఒక్క శాంతక్కకే ఆ పక్షి కనబడలేదు. ఇది న్యాయం కాదని మేమిద్దరం ఒప్పుకున్నాం. చెరువు ఎండకముందే మళ్ళీ పోతున్నాం. ప్రియమైన పాఠకులారా, ఆ దినం ఆమెకు గూడబాతు కనబడాలని మాతో కలిసి ప్రార్థించండి. మీరు నిశ్చింతగా కండ్లు మూసుకోండి. ఈసారి తెరిచి ఉంచే వంతు ఆమెది. ఆమెన్ చెప్పే వంతు కూడా ఆమెదే.