పెళ్లివారంతా ఒకే ఫొటోలో

పలాసలో మా మేనమామ స్టూడియోలో నేను ఫొటోలు నేర్చుకున్నానని అందరికీ చెబుతాను గానీ, అక్కడ ముందు నేర్చుకున్నది తిట్లు తినడం. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. టైపు నేర్చుకోమంటే ఏడ్చాను, కెమెరా అనగానే గంతేశాను. పెళ్లిచూపుల ఫొటోలకు వచ్చే అమ్మాయిలు ఆడపిల్ల ముందైతే సిగ్గుపడకుండా నిలబడతారని మావ నన్ను పెట్టుకున్నాడు. వాళ్లు సిగ్గుపడలేదు, నిజమే. కానీ ఆ పిల్లకీ నాకూ నవ్వు ఆగితేనా! జలపాతం బొమ్మ పరదా ముందు ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వే అమ్మాయిని ఏ అత్తగారు ఒప్పుకుంటుంది? రెండు సంబంధాలు తప్పిపోయాక మావ నన్ను బయటి పనులకు తోలేశాడు.

అవి ఇంకా ఘనం. రావివలస గుళ్లో ఒక పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. గుండుకు ముందొకటి, తరువాత ఒకటి తియ్యాలి. నేను ఫ్లాష్ బిగించే లోపల ఆ క్షురకుడు పని పూర్తి చేసి కత్తి తుడుచుకుంటున్నాడు. రెండూ గుండు ఫొటోలే వచ్చాయి. ఆ తరువాత జీడిపప్పు షావుకారుని ఆయన బస్తాల పక్కన నిలబెట్టి తీశాను. బస్తాలు అద్భుతంగా వచ్చాయి. షావుకారు మెడ వరకూ వచ్చాడు.

"బస్తాకి తీసినావా, నాకు తీసినావా?" అన్నాడాయన, ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి. మావ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అలాంటి నన్ను ఒంటరిగా పెళ్లికి పంపే ధైర్యం మావకు ఎక్కడిది? లేదు. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు, అదీ సంగతి. కంచిలిలో కొబ్బరితోటల వారింటి పెళ్లికి తను వెళ్లి, సంతబొమ్మాళి దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్లో పెళ్లికి పాత కెమెరా ఇచ్చి నన్ను పంపాడు.

"సూడే, తలకాయలు తెగకూడదు. ఆ పెళ్లికొడుకు తల్లి అడిగినది ఒకటే, గ్రూప్ ఫొటో. ఆవిడ బాగుందంటే ఇకనుంచి ఈ కెమెరా నీది. బాగోనేదంటే పరదాలు ఉతుక్కో" అన్నాడు.

పెళ్లి తెల్లవారుజామునే అయిపోయింది. నేను వెళ్లి నిలబడ్డానో లేదో పెళ్లికొడుకు తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఎర్రచీర, తాడులాంటి గట్టి చేతులు.

"ఓలమ్మా, నాకు నలుగురు కొడుకులు. ఒకడు గుజరాత్‌లో చేపల బోటు దిగితే ఇంకొకడు ఎక్కుతాడు. నలుగురూ ఒకపాలి ఇంట్లో ఉండడం ఇదే. ఎల్లుండి మళ్లీ ఎలిపోతారు. అందరినీ ఒక్క ఫొటోలో తియ్యి, నీకు పున్నెముంటాది" అంది.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. నా మొహం! పెద్దవాడికీ మూడోవాడికీ మాటల్లేవు. ఎందుకయ్యా అంటే, పెద్దవాడు గుజరాత్‌లో ఉండగా వాడి కోడిపుంజుని మూడోవాడు కూరొండుకు తిన్నాడట. అదీ రెండేళ్ల కిందట. పెద్దవాణ్ణి కుర్చీలో కూర్చోబెడితే మూడోవాడు లేచిపోయేవాడు. మూడోవాణ్ణి లాక్కొస్తే పెద్దవాడు బీడీ వెలిగించుకోడానికి పోయేవాడు. ఈలోగా బావలూ మావలూ "ఓలే గుంటా, మాకొకటి తియ్యే" అంటూ కళ్లజోళ్లు మార్చుకుని మార్చుకుని నిలబడి, నా రీలంతా తినేశారు. చూసుకుంటే ఒక్కటంటే ఒక్క ఫొటో మిగిలింది.

నాకు ఒళ్లు మండింది. "పుంజు పోయి రెండేళ్లయింది, మీ అమ్మ బతికే ఉంది కదా! కూర్చోండి!" అని అరిచాను. పదిహేడేళ్ల పిల్ల అరిచేసరికి ఇద్దరూ బిత్తరపోయి కూర్చున్నారు, మధ్యలో పెళ్లికొడుకుని గోడలా పెట్టుకుని. బాసికాలు సర్దాను. అందరి తలలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాను. బటన్ మీద వేలు పెట్టాను.

అప్పుడే ఇసుకదిబ్బ మీద ఒక ముసలాయన తువ్వాలు తిప్పుతూ కేకేశాడు. "కవళ్లో! కవళ్లు పడ్డాయిరో! బేగి రండో!"

కవళ్ల చేపల గుంపు ఒడ్డుకు అంత దగ్గరగా వస్తే ఆ ఊళ్లో పెళ్లేమిటి, చావేమిటి, అన్నీ ఆగుతాయి. నేను కన్ను ఆర్పి తెరిచేసరికి ఖాళీ కుర్చీలు, ఒక్కతే పెళ్లికూతురు. ఆ పిల్ల కూడా నా వైపు జాలిగా చూసి, "ఉండక్కా, ఇప్పుడే వత్తాను" అని కుచ్చిళ్లు దోపుకుని లగెత్తింది.

ఏడుపొచ్చేసింది నాకు. కెమెరా మెడలో వేసుకుని వెళ్లేసరికి పడవ ఆ చేపల గుంపు చుట్టూ వల వేసి వచ్చేసింది, ఒడ్డున అందరూ వల తాడు పట్టుకుని లాగుతున్నారు. చూద్దును కదా, బాసికంతో పెళ్లికొడుకు, వాడి వెనక పెద్దవాడు, పెద్దవాడి వెనక మూడోవాడు! "లాగరా!" అని వీడు, "నువ్వు లాగు ముందు!" అని వాడు. రెండేళ్ల తరువాత మొదటి మాటలు అవే. రెండోవాడు, కొత్త కోడలు, బావలు, మావలు, అందరూ ఒకే వరసలో ఉన్నారు. నేను గంటసేపు బతిమాలినా రాని వరస అది.

కానీ నాకు కనిపించేవన్నీ వీపులే. లాగేవాళ్లు సముద్రం వైపు చూస్తారు కదా! మొహాలు కావాలంటే నేను సముద్రంలో ఉండాలి.

దిగాను. మోకాళ్లు దాటి, నడుం దాటి వెళ్లాను. నాకు ఈత రాదు, ఆ సంగతి అల వచ్చి కొట్టాక గుర్తొచ్చింది. పడిపోయేదాన్నే, వెనక నుంచి రెండు చేతులు నా నడుం పట్టేసుకున్నాయి.

"నాను పట్టుకున్నాను, నువ్వు తియ్యే!" పెళ్లికొడుకు తల్లి గొంతు. "బేగి, ఇంకో కెరటం వత్తంది!"

తీశాను. ఆ వెంటనే ఇద్దరం మునిగాం. కెమెరా ఒక్కటే నా చేతిలో పైకి ఉంది.

ఫొటో కడిగాక మావ దాన్ని వెలుగులో పట్టుకుని చూశాడు. ఉదయపు ఎండ అందరి మొహాల మీదా పడింది. ఒక్క తలా తెగలేదు. అన్నదమ్ములు నలుగురూ ఒకే తాడు మీద, నోళ్లు తెరిచి అరుస్తున్నారు. ఒక మూల మాత్రం పెద్ద ఎర్ర మరక.

"ఈ ఎరుపేటే? కత్తిరించేద్దాం" అన్నాడు మావ.

పెళ్లికొడుకు తల్లి స్టూడియోకి వచ్చేటప్పటికి, పెళ్లికొడుకు తప్ప మిగతా ముగ్గురూ గుజరాత్ వెళ్లిపోయారు. ఫొటో ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కరి మొహం మీదా వేలు పెట్టింది. పెద్దోడు, రెండోడు, మూడోడు, సిన్నోడు, కోడలు. అప్పుడు తట్టింది నాకు. అందరూ ఉన్నారు, ఆవిడ లేదు. నన్ను పట్టుకుని నా వెనక నిలబడిన మనిషి ఫొటోలో ఎలా ఉంటుంది? పరదాలు ఉతకడం ఖాయం అనుకున్నాను. దానికన్నా ఆవిడ మొహం చూడ్డమే కష్టంగా ఉంది.

"అమ్మా, మీరు ఇందులో పడనేదు..." అని మావ నసిగాడు. కత్తెర అప్పటికే చేతిలో ఉంది. "పోనీ ఈ మరకైనా తీసేత్తాను."

ఆవిడ ఫొటోని చటుక్కున వెనక్కి లాక్కుంది.

"మరకేటి బావూ? గాలికి ఎగిరినాది, నా కొంగు కాదేటి? నాను ఉన్నాను కదా ఇక్కడ" అంది, ఆ ఎరుపు మీద వేలు పెట్టి. "బాగుంది. గోడకి కట్టుకుంటాను, పెద్దది కొట్టు. నన్ను మాత్రం కత్తిరించకు."