కంఠతా చెప్పిన మాట

మా సీనియర్ మేడమ్ ఇక లేరని, మంగళవారం పొద్దున నేను కోర్టుకు బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. చేతిలోని నల్లకోటు కుర్చీకి తగిలించి, అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

విజయవాడలో కుటుంబ కేసులు చూసే లాయర్లందరికీ ఆవిడ కోపం తెలుసు, చేతివంటా తెలుసు. కక్షిదారు ఎంత తొందరపెట్టినా, "ముందు పిల్ల అన్నం తిందో లేదో అడుగమ్మాయ్, ఆర్డర్ ఎక్కడికీ పోదు" అనేవారు. నాకు వాదించడం నేర్పిందీ, పులిహోర కలపడం నేర్పిందీ ఆవిడే. రెండోది ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకు బైబిలు వాక్యాలు కంఠతా నేర్పేవారు. తప్పు చెప్పినా చాక్లెట్ ఇచ్చేవారు.

ఆవిడను చివరిదాకా వదలని కేసు ఒకటుంది. కంకిపాడు క్రైస్తవ కుటుంబంలోని అమ్మాయి, భర్తతో ఐర్లండ్‌లో ఉండేది. సెలవులకని కూతుర్ని తీసుకొచ్చి, ఇక తిరిగి వెళ్లలేదు. పాపను వెనక్కి పంపాలని అక్కడి కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. తండ్రి అది పట్టుకుని మేడమ్ దగ్గరకొచ్చాడు. ఇలా సరిహద్దు దాటించిన పిల్లల్ని తిరిగి పంపాలని దేశాల మధ్య ఒప్పందం ఉంది కానీ, మన దేశం అందులో చేరలేదు. అందుకని పాపకు ఏది మేలో మన హైకోర్టే తేల్చాలి.

జడ్జిగారు పాపను తన గదిలోకి పిలిపించారు. మేడమ్, అవతలి లాయరుతోపాటు నేనూ ఉన్నాను. "నాన్న దగ్గరికి వెళ్తావా అమ్మా?" అని అడగ్గానే పాప నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, "నాన్నంటే నాకు భయం, అమ్మ దగ్గరే ఉంటాను" అని రాగం తీస్తూ చెప్పి, చివర్లో "ఆమెన్" అంది. అమ్మమ్మ ఆ మాటల్ని వాక్యం నేర్పినట్టే నేర్పింది పాపం. జడ్జిగారికి నవ్వొచ్చింది. ఆ రాగం చర్చిలో పిల్లల క్లాసుదని మేడమ్‌కు తెలుసు. ఇవి నేర్పించిన మాటలని వాదించి గెలిచారు. పాప తండ్రితో ఐర్లండ్ వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆవిడ పిల్లల క్లాసుకు వెళ్లడం మానేశారు. చర్చి పక్కనుంచి వెళ్తుంటే కారు అద్దాలు ఎక్కించమనేవారు. భోజనం మధ్యలోనో, లిఫ్ట్‌లోనో ఉన్నట్టుండి అడిగేవారు: "నేర్పినంత మాత్రాన అబద్ధం అయిపోతుందా అమ్మాయ్?"

"తీర్పు ఇచ్చింది జడ్జిగారు కదండీ" అనేదాన్ని.

"రాగం గుర్తుపట్టింది నేను కదా."

కంకిపాడుకు ఫోన్ చేసి, పాప భయం నిజమేనా అని ఒక్కమాట అడగండి అంటే మాత్రం ఫోన్ పక్కకు నెట్టేసేవారు. అంతటి మనిషి భయపడటం నేను అదొక్క విషయంలోనే చూశాను.

సమాధి దగ్గర మట్టి వేసే వరుసలో నా ముందున్నావిడ వెనక్కి తిరిగింది. ఆ పాప తల్లి. గొడవ చేస్తుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఆరోజు కోర్టులో మా పాప ఏడుస్తుంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని నీళ్లు తాగించింది ఈవిడేనండీ. అందుకొచ్చాను" అంది మెల్లగా.

ఉండబట్టలేక, మేడమ్ అడగలేకపోయిన మాట నేను అడిగేశాను.

"నేర్పించింది మా అమ్మేనండీ" అందామె. "భయం మాత్రం నిజమేనండీ."

ఆమె వంతు వచ్చింది. వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. అందరిలా పైనుంచి వెయ్యలేదు. గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి అందినంత కిందికి చాపి, పెట్టె మీద చప్పుడు కాకుండా, వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెంగా జారవిడిచింది.