ఇటలీ హోటల్లో విరిచిన రొట్టె

అరవయ్యో దశకం మొదట్లో మేము మద్రాసు వెళ్లినప్పుడల్లా ఇటలీ హోటల్లో భోజనం చేసేవాళ్లం. గూడూరులో ఈ మాట చెబితే దొరల తిండి రుచి మరిగామనుకునేవాళ్లు. నిజానికి మేము వెళ్లింది తాలింపు ఘాటు లేని చోటు కోసం.

మా అన్న గూడూరు దగ్గర మైకా గనిలో రాతికి తూట్లు వేసి పేలుడు మందు కూరే పని చేసేవాడు. నేను టౌనులో మైకా ఎగుమతి ఆఫీసులో గుమాస్తాని. నలభై ఏళ్లు నిండకముందే అన్నకు దగ్గు పట్టుకుంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. మా పేటలో టీబీతో పోయినవాళ్లను చూసి ఉన్నాడు కాబట్టి తనదీ అదేనని ఆయనే తీర్మానించుకున్నాడు. ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. ఒక అల్యూమినియం కంచం, ఒక గ్లాసు విడిగా పెట్టుకుని, వసారాలో ఒక్కడే కూర్చుని తిని, తన కంచం తనే కడుక్కునేవాడు.

వదినకు దగ్గు కన్నా ఇది ఎక్కువ బాధ. పెళ్లయిన నాటి నుంచీ వాళ్లిద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లు. పేటలో ఆడవాళ్లు ఈ సంగతి చెప్పుకుని నవ్వేవాళ్లు కూడా. అన్న గని నుంచి వచ్చి స్నానం చేసేదాకా ఆమె ముద్ద ముట్టేది కాదు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేశాక ఇద్దరి చేతులూ ఒకే అన్నంలోకి వెళ్లేవి. ఆయన విడిగా తినడం మొదలుపెట్టి మూడేళ్లయినా ఆమె అడగడం మానలేదు.

"నాకు వస్తే రానీలేయ్యా."

"నీకూ వస్తే నాకు గంజి ఎవురు పోస్తారే? నోరు మూసుకోని తిను."

అన్నం తింటూ నోరెట్లా మూసుకోమంటావని ఆమె అనేది. ఆయన నవ్వబోతే దగ్గు వచ్చేది.

చివరికి నేను బలవంతం చేసి మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. నెలకోసారి పొద్దున బండికి వెళ్లి సాయంత్రం బండికి తిరిగొచ్చేవాళ్లం. మధ్యాహ్నం భోజనం పెద్ద సమస్య అయింది. ఆసుపత్రి చుట్టూ ఉన్నవన్నీ మన హోటళ్లే. వంటింట్లో మిరపకాయ చిటపటమంటే చాలు, అన్న దగ్గుతో మెలికలు తిరిగిపోయేవాడు. ఒకచోట హోటలు యజమాని, మన నెల్లూరు వైపు మనిషే, మా బల్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"తప్పుగా అనుకోబాకండన్నా. పక్కవాళ్లు లేచిపోతా ఉండారు. పొట్లం కట్టిస్తా, బయట తినండి."

అన్న తన కంచం సంచీలో పెట్టుకుని లేచాడు. ఆ రోజు పొట్లం విప్పకుండానే గూడూరు తిరిగొచ్చింది.

హార్బరు వెనక సందులోని ఇటలీ హోటలు సంగతి మా ఆఫీసు సరుకు ఓడకెక్కించే మనిషి చెప్పాడు. దాన్ని నడిపే ఇటలీ దొర రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా మన దేశానికి వచ్చి, యుద్ధం అయిపోయాక ఇక్కడే ఉండిపోయాడట. ఓడ కళాసీలు, కొందరు ఆంగ్లో ఇండియన్లు వచ్చేవాళ్లు. అన్న గుమ్మంలోనే దగ్గి కూలబడితే ఆయన కుర్చీ తెచ్చి కిటికీ పక్కన వేశాడు. వేడినీళ్లు ఇచ్చి, వచ్చీరాని అరవంలో నిదానంగా తాగమన్నాడు. ఎవరూ లేచిపోలేదు.

మొదట మాకు పెట్టింది టమాటా పులుసు పోసిన పొడుగాటి సేమియా. అన్న సంచీలోంచి తన కంచం తీసి అందులోకి వంచుకున్నాడు. చేత్తో ఎత్తితే అవి మోచేతి దాకా వేలాడాయి.

"ఇంత పొడుగెందుకు చేసినాడబ్బయ్యా? తుంచే తీరిక లేదా ఈ దొరకి?" అంది వదిన నాతో.

"బాయి తాడనుకోనుంటాడు," అన్నాడు అన్న.

ఏమైతేనేం, అవి గొంతు దిగాయి. అప్పటినుంచి ప్రతి నెలా అక్కడికే వెళ్లాం.

నాలుగైదు నెలలకు, పరీక్షలన్నీ అయ్యాక, డాక్టరు ఛాతీ ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పెట్టి నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను వాళ్లిద్దరికీ తెలుగులో చెప్పాను. ఇది టీబీ కాదు. గనిలో పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. దీనికి మందు లేదు.

వదిన మూడో మాట దగ్గర ఆగిపోయింది. అన్న నాలుగో మాట దగ్గర.

"అంటదంటయ్యా!" అంది వదిన. వరండాలో రోగులందరూ తిరిగి చూశారు. ఆమె మొహంలో అంత సంతోషం చూసి నాకు భయం వేసింది. నాలుగో మాట మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు.

హోటల్లో ఆమె కళాసీల బల్ల వైపు వేలు చూపించి, మాకూ అదే కావాలంది. పొయ్యిలో కాల్చిన గుండ్రటి రొట్టె, పైన ఎర్రటి టమాటా, కరిగిన జున్నులాంటిది. వాసన పులిసిన పెరుగులా ఉంది. ముగ్గురికీ ఒకే పళ్లెంలో, కోయకుండా తెచ్చి పెట్టారు. అన్న సంచీలో చెయ్యి పెట్టాడు. వదిన ఆ కంచం లాక్కుని, కుర్చీలో వేసుకుని, దాని మీద కూర్చుంది.

దొర చాకు పట్టుకుని కోయడానికి వచ్చాడు. ఆమె పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"కొయ్యొద్దని చెప్పబ్బయ్యా. నిండు రొట్టె వచ్చినప్పుడు పెద్దాయన విరవాల."

మా ఏసు గుడిలో ప్రభువు భోజనానికి ఒకే రొట్టె పెట్టి, ప్రార్థన చేసి, విరిచి అందరికీ ఇస్తారు. ఇదీ అలాంటిదే అనుకుంది వదిన. అది వాళ్ల దేశంలో మామూలు తిండి, మనకు దోసె ఎట్లాగో అట్లా, అని చెప్పాను.

"దోసె అయితే మనిషికొకటి ఇస్తారు. ముగ్గురికీ ఒక్కటే పెట్టినాడంటే పంచుకోమనే గదా?"

దొరని ఆగమని సైగ చేశాను.

"నువ్వు విరువురా," అన్నాడు అన్న నాతో. నేను చెయ్యి చాచబోయాను.

"మీ అన్న బతికుండంగానే నువ్వు విరుస్తావా?" అంది వదిన.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. డాక్టరు చెప్పిన నాలుగో మాట కూడా ఆమె విన్నదని నాకప్పుడు తెలిసింది.

అన్న కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. దొర చాకు పక్కన పెట్టి తనూ తల వంచాడు. ప్రార్థన సగంలో దగ్గు అందుకుంది. మిగిలింది వదిన పూర్తిచేసింది. అన్న రొట్టె విరిచి నాకో ముక్క, ఆమెకో ముక్క ఇచ్చి, తనది కొరికి, మళ్లీ దగ్గుతో కిటికీ వైపు తిరిగాడు. ఆయన ఇటు తిరిగేలోపల వదిన ఆ కొరికిన ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"ఎంగిలే అది!" అన్నాడు అన్న.

"మూడేళ్లాయె," అంది ఆమె నములుతూ.

సాయంత్రం బండిలో వదిన ఎదుటి బెంచీ మీది ముసలామెకు, తన మొగుడి జబ్బు ఎవరికీ అంటదని వివరంగా చెబుతోంది. అన్న నా వైపు వంగి అడిగాడు.

"ఆ డాక్టరు నిజంగానే అన్నాడా, నువ్వు కలిపి చెప్పినావా?"

"నిజంగానే అన్నాడన్నా."

"అయితే మొదట్లోనే వచ్చి అడగాల్సింది."

"అప్పుడైనా మందు లేదు గదన్నా."

"మందు కోసం కాదురా. దాని కోసం." వదిన వైపు చూశాడు. "మూడేళ్లు దాన్ని ఒక్కదాన్నే తిననిచ్చినా."

తడ స్టేషను దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ మర్నాటి నుంచి వాళ్లు ఒకే కంచంలో తిన్నారు. ఎండాకాలమంతా అట్లాగే గడిచింది. వానలు మొదలయ్యేసరికి ఆయన కూర్చోలేకపోయాడు. వదిన పక్కన కూర్చుని ఆయనకో ముద్ద పెట్టి, తనో ముద్ద తినేది. క్రిస్మసు చూడకుండానే పోయాడు.

అది అంటుజబ్బు కాదని వదిన పేటంతా చెప్పింది, నేనూ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. భూస్థాపనకు వచ్చినవాళ్లు ఆ ఇంట్లో మంచినీళ్లు తాగలేదు. ఆ తర్వాత కూడా, గుడిలో ఆమె పక్కన చాప ఖాళీగా ఉండేది. ఆమెకు దగ్గు ఎప్పుడు మొదలవుతుందా అని కొన్నేళ్లు కనిపెట్టుకుని చూశారు. ఆమెకు దగ్గు రాలేదు.