నారాయణప్ప మిరపపండు రంగు

పాలగ్లాసు వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, అందులో నీళ్ళెన్నో చెప్పగల మనిషి నారాయణప్ప. ఆయన బోరబండలో కాపురం పెట్టిన నెలలోనే పాలు పోసేవాడు ఆ గల్లీకి రావడం మానేశాడు.

ఆ కన్ను తండ్రి ఇచ్చిన ఆస్తి. ధర్మవరంలో పట్టుకి రంగులద్దే ఇల్లు వాళ్ళది. చేతిపని పలచబడ్డాక, యాభై దగ్గరపడిన వయసులో హైదరాబాదు వచ్చి, కంప్యూటరు మీద కరపత్రాలు వేయడం నేర్చుకున్నాడు. పనిముట్టు మారితే ఏం, రంగు రంగే కదా అని ఆయన ధీమా.

1998లో మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఓ సాఫ్ట్‌వేరు కంపెనీ తమ పరిచయ పుస్తకం వేసిపెట్టమంది. వాళ్ళ గుర్తు మిరపపండు రంగు. నమూనాకి ఓ అట్టముక్క ఇచ్చి, సరిగ్గా ఇదే రావాలన్నారు. మిరపపండు రంగు గురించి ధర్మవరం వాడికి చెప్పాలా అని నారాయణప్ప నవ్వుకున్నాడు. తీరా అచ్చయ్యాక మొదటిసారి ఇటుకరంగులో దిగింది, రెండోసారి నారింజలో దిగింది. కంపెనీ మేనేజరు జయంతి ఎంతో మర్యాదగా, "సార్, ఒకసారి కళ్ళు చూపించుకోండి. శుక్రవారానికి ఇంకొక్కసారి చూద్దాం," అంది.

ఆ మర్యాదే ఆయన్ని కాల్చింది.

తప్పు తెరదే అయ్యుండాలని ఇంట్లోనే కొలతలకి దిగాడు. సెకండ్‌హ్యాండ్ మానిటరు అది. మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి, ట్యూబులైటు వేసి, అట్టముక్కను తెర పక్కన అతికించి, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కో అంకె పెంచుతూ తగ్గిస్తూ కూర్చునేవాడు. ఎర్రచీర నీడ తెర మీద పడుతోందని భార్య వెంకటలక్ష్మిని తెల్లచీర కట్టుకోమన్నాడు. "నువ్వుండంగానే నాతో తెల్లచీర కట్టిస్తావా?" అని ఆమె గరిటె ఎత్తింది. సాయంత్రానికి అట్టకీ తెరకీ వెంట్రుకవాసి తేడా లేకుండా తెచ్చి, అంకెలు నోటుబుక్కులో రాసుకుని నిశ్చింతగా పడుకునేవాడు.

తెల్లారి చూస్తే అంకెలు అవే, రంగు మాత్రం వేరే. మూడు రోజులు ఇదే తంతు.

ఇక్కడ వాటా అద్దెకిచ్చిన ఇంటాయన సంగతి చెప్పాలి. పైవాటాలో ఉండే సీతారామాంజనేయులు గారు రిటైరైన ప్రభుత్వోద్యోగి, కోస్తా మనిషి. పింఛను వచ్చినప్పటి నుంచి వాస్తు పట్టుకున్నారు. "దక్షిణం చూస్తూ పని చేస్తే మునిగిపోతారండీ," అని ఆయన అన్నందుకు వెంకటలక్ష్మి రోజూ పొద్దున్నే బల్లను తూర్పుకి తిప్పేది. దుప్పటి సందుల్లోంచి కిటికీ వెలుతురు కంట్లో పడుతుందని నారాయణప్ప మధ్యాహ్నం కొలతలకి దాన్ని మళ్ళీ దక్షిణానికి లాక్కునేవాడు. బల్ల తిరగడం ఆ ఇంట్లో చీపురు తిరిగినంత మామూలు.

గురువారం పొద్దున తెర చూసి నారాయణప్ప చతికిలబడ్డాడు. "నా కన్ను పాయనే. ఈ పని నాకొద్దని ఫోన్ చేసి చెప్పేస్తా. రంగులేసేవానికి కన్ను పోతే ఇంగేముంది?"

పాతికేళ్ళ కాపురంలో ఆయన పని వద్దనడం ఆమె ఎప్పుడూ వినలేదు. భయపడింది. "కన్ను తర్వాత. ముందు ఆ పెట్టెను చూపిద్దాం," అని గల్లీ చివర టీవీ మెకానిక్ ఎల్లేశాన్ని పిలుచుకొచ్చింది.

ఎల్లేశం వెనక మూత విప్పి చూశాడు. నారాయణప్ప చెప్పిన మూడు రోజుల గోడూ విన్నాడు. "అన్నా, నిన్న రంగులు పెట్టినప్పుడు బల్ల గిట్లనే ఉండెనా?"

"యాడుండె? దక్షిణానికుండె."

ఎల్లేశం నవ్వాపుకోలేకపోయాడు. "గదే అన్నా! భూమికి అయస్కాంతం గుణముంటది గద. దిక్కు మారితే తెర వెనక ట్యూబుల కిరణం జర పక్కకి జరుగుతది, రంగు మారుతది. స్విచ్చెయ్యంగనే దాన్ని సర్దే తీగచుట్ట ఒకటుంటది. నీ పెట్టెల అది ఎప్పుడో కాలిపోయింది."

అని మానిటరును మెల్లగా తిప్పాడు. "నాకైతే ఎటు తిప్పినా ఎర్రగనే కొడుతుంది."

నారాయణప్ప ముందుకి వంగాడు. "ఆడ ఇటుక... ఈడ నారింజ... ఇంగొంచెం... ఆపు! ఈడ మిరపపండు!"

మెకానిక్కుకి కనపడని తేడా తనకి కనపడుతోంది. కన్ను పోలేదు. ఆ సంతోషం పట్టలేక, పరాయివాడి ముందే కండువాలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

సందడికి పైనుంచి సీతారామాంజనేయులు గారు దిగివచ్చారు. "వాస్తంటే నవ్వారు కదండీ! దిక్కుకి ఎంత బలముందో చూశారా?" అన్నారు. నారాయణప్ప అప్పటికే బల్లను ఇక కదపొద్దని భార్యకి చెప్పి, తప్పిన అచ్చుకాగితాలు తెర పక్కన పెట్టుకుని, అంకెలు సరిదిద్దడానికి కూర్చున్నాడు.

శుక్రవారం జయంతి అట్టముక్కను అచ్చుకాగితం మీద పెట్టింది. మళ్ళీ తీయబోతే అంచు ఎక్కడుందో కనపడక వేలితో తడుముకుంది.

నారాయణప్ప ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు. ఎదురొచ్చిన భార్యను ఎగాదిగా చూశాడు. "ఏమే, ఆ రవిక చీరకి కలవలే. సగం ఛాయ తక్కువ."

"ఆ కండ్లు పోయింటేనే బాగుండు," అని వెంకటలక్ష్మి లోపలికి పోయి రవిక మార్చుకుని వచ్చింది.